9.2 లక్షల ప్యాకేజీ వద్దు, 5 లక్షల లోన్ అసలే వద్దు

ప్రశ్న: మాది విజయవాడ. నాకు 39 ఏళ్లు, మా ఆవిడ టీచర్, పాప ఏడో తరగతి. ఇద్దరి జీతాలు కలిపి నెలకు 1.65 లక్షలు చేతికొస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 42 వేలు, ఇంటి ఖర్చు, స్కూలు ఫీజు కలిపి 68 వేలు, సిప్‌లు 25 వేలు. మా బావమరిది ఐర్లండ్‌లోని లిమరిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే వేసవి సెలవుల్లో అక్కడికెళ్లి, కారు అద్దెకు తీసుకుని, పడమటి తీరం వెంట వైల్డ్ అట్లాంటిక్ వే చూడాలని కోరిక. నేను పదేళ్లుగా కారు నడుపుతున్నాను. ఒక ట్రావెల్ ఏజెంట్ పది రోజుల సెల్ఫ్ డ్రైవ్ ప్యాకేజీకి ముగ్గురికీ కలిపి 9.2 లక్షలు చెప్పారు. ప్రయాణం కోసమని 4 లక్షలు దాచాం. ఎఫ్‌డీలో ఇంకో 5 లక్షలున్నాయి. క్రెడిట్ కార్డు లిమిట్ 2 లక్షలు. మిగతా డబ్బుకు ఎఫ్‌డీ తీసేయమంటారా, పర్సనల్ లోన్ తీసుకోమంటారా?

జవాబు: రెండూ అక్కర్లేదండీ. మీరు రాసిన అంకెల్లో నన్ను ఆపింది 9.2 లక్షలు కాదు, చివర్లో మాటవరసకు రాసిన ఆ 2 లక్షల కార్డు లిమిట్. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు లోన్ సంగతి. 5 లక్షలు 12 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 16,600. మొత్తం వడ్డీ 98 వేలకు దగ్గర. పది రోజుల ప్రయాణానికి మూడేళ్ల వాయిదాలు. పైగా దీనిలో ఇంకో చిక్కుంది. ఐర్లండ్ వీసాకు ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ ఇవ్వాలి. మధ్యలో ఉన్నట్టుండి 5 లక్షలు వచ్చి పడితే ఎక్కడివో వివరణ ఇచ్చుకోవాలి. అవి అప్పు డబ్బులని చెప్పాల్సి రావడం దరఖాస్తుకు మంచిది కాదు. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి వీసాకు దరఖాస్తు చేయొచ్చు. మే రెండో వారంలో వెళ్తే ఫిబ్రవరిలో దరఖాస్తు. ఇప్పుడు ఆగస్టు. అంటే ఈ నెల నుంచీ మీ ఖాతాలో కనిపించే ప్రతి వరసనూ ఎవరో చదువుతారనుకోండి.

ఎఫ్‌డీ మీద కూడా చెయ్యి వేయకండి. ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి మీకు నెలకు 1.10 లక్షలు కావాలి. ఆ 5 లక్షలు నాలుగున్నర నెలల ధైర్యం, అంతే. కానీ ఈ ప్రయాణంలో దానికీ ఒక పాత్ర ఉంది.

ప్యాకేజీ ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. మీకు లిమరిక్‌లో సొంత మనిషి ఉన్నాడు. ఎడమవైపు నడపడం మీకు కొత్త కాదు, గేర్ల కారు అలవాటే. అమెరికా నుంచి వచ్చేవాళ్లు ఈ రెండింటికీ భయపడి ఆటోమేటిక్ కారుకు ఎక్కువ డబ్బు పోస్తారు. మీకు ఆ అవసరం లేదు, మాన్యువల్ అడగండి. పైగా ఇక్కడ ఏజెంట్ దగ్గర విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే మొదటి రూపాయి నుంచే టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను, పట్టుకుంటారు. రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, నిజమే, కానీ అప్పటిదాకా మీ డబ్బు ప్రభుత్వం దగ్గర ఉంటుంది. విడివిడిగా మీరే బుక్ చేసుకుని, విదేశాలకు పంపే డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటకపోతే ఆ తలనొప్పి ఉండదు.

ఇక నా లెక్క. యూరో వంద రూపాయలనుకుందాం, గుణించడం తేలిక. విమానం టికెట్లు మనిషికి 75 వేల చొప్పున 2.25 లక్షలు. వీసా సింగిల్ ఎంట్రీకి మనిషికి 60 యూరోలు, సర్వీస్ చార్జీలతో కలిపి ముగ్గురికీ 25 వేలు. ట్రావెల్ ఇన్సూరెన్స్ 5 వేలు. కారు ఎనిమిది రోజులకు, రోజుకు 45 యూరోల అద్దె, 25 యూరోల అదనపు ఇన్సూరెన్స్ కవర్ కలిపి 56 వేలు. పెట్రోలు లీటరు 1.75 యూరోలు వేసుకున్నా 1,200 కి.మీ.కి 15 వేలు. ఏడు రాత్రులు బీ అండ్ బీల్లో (పొద్దుటి టిఫినుతో గది అద్దెకిచ్చే ఇళ్లు), గదికి 130 యూరోల చొప్పున 91 వేలు. తిండికి రోజుకు 70 యూరోలు, పది రోజులకు 70 వేలు. టికెట్లు, ఫెర్రీ, పార్కింగ్, డబ్లిన్ నుంచి లిమరిక్ బస్సు కలిపి 25 వేలు. మొత్తం 5.12 లక్షలు. మీద పది శాతం కలిపితే 5.63 లక్షలు.

మీ దగ్గర 4 లక్షలున్నాయి. మీరిచ్చిన అంకెల ప్రకారం నెలకు 30 వేలు మిగులుతున్నాయి. ఆగస్టు నుంచి ఏప్రిల్ దాకా తొమ్మిది నెలలకు 2.70 లక్షలు. మొత్తం 6.70 లక్షలు. సిప్‌లు ఆపకుండానే సరిపోతుంది, లక్ష మిగులుతుంది కూడా. జూన్, జూలై, ఆగస్టు వాళ్లకు సీజన్, గదుల రేట్లు ఎక్కుతాయి. మేలో మన పిల్లలకు ఎలాగూ సెలవులు. అక్కడ రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది కాబట్టి చీకట్లో కొత్త రోడ్ల మీద నడిపే పని పడదు.

ఇప్పుడు ఆ 2 లక్షల లిమిట్. అద్దె కారుతో వచ్చే మామూలు ఇన్సూరెన్స్‌లో ఎక్సెస్ అని ఒకటుంటుంది. కారుకు ఏదైనా అయితే మొదట మీ జేబులోంచి పోయే మొత్తం అది. ఐర్లండ్‌లో అది 1,500 నుంచి 2,500 యూరోల దాకా ఉండటం మామూలే. కారు తాళాలిచ్చే ముందు ఆ మొత్తాన్ని డ్రైవర్ పేరు మీదున్న క్రెడిట్ కార్డులో బ్లాక్ చేస్తారు. 2,000 యూరోలంటే మీ కార్డు మొత్తం అక్కడే అయిపోయింది. ఖర్చు కాలేదు, కానీ వాడుకోవడానికీ లేదు. కారు తిరిగిచ్చాక కూడా ఆ బ్లాక్ పోవడానికి రోజులు పడుతుంది. చాలా కంపెనీలు దీనికి డెబిట్ కార్డు, ఫారెక్స్ కార్డు తీసుకోవు. నా క్లయింట్ ఒకాయన ఫారెక్స్ కార్డు నిండా యూరోలు వేసుకుని వెళ్లి, కౌంటర్ దగ్గర భార్యాపిల్లలతో రెండు గంటలు నిలబడ్డాడు. డబ్బుండి కూడా కారు రాలేదు.

అందుకే ఆ అదనపు కవర్‌ను లెక్కలో వేశాను. అద్దె కంపెనీ స్వయంగా అమ్మే పూర్తి కవర్ తీసుకుంటే ఎక్సెస్ సున్నాకు దగ్గరవుతుంది, బ్లాక్ చేసే మొత్తం కూడా బాగా తగ్గుతుంది. ఎనిమిది రోజులకు 20 వేలు దండగ అనిపిస్తుంది. రేట్లు పోల్చి చూపే వెబ్‌సైట్లలో ఇంకా చవగ్గా ‘ఫుల్ ప్రొటెక్షన్’ కనిపిస్తుంది కూడా. కానీ అది వేరే కంపెనీ ఇచ్చేది: ముందు మీరు కట్టి, తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. కార్డు మీద బ్లాక్ అలాగే ఉంటుంది. 10 లక్షల లిమిట్ ఉన్నవాళ్లకు అది మంచి బేరమే, మీకు కాదు. బుక్ చేసేటప్పుడే కంపెనీ సైట్లో కొనండి, కౌంటర్ దగ్గర రేటు ఇంకా పైన ఉంటుంది. టైర్లు, అద్దాలు అందులో వస్తాయో లేదో చదవండి. కెర్రీ, కానెమారా పల్లె రోడ్లలో రెండు పక్కలా రాతి గోడలుంటాయి, ముందు పోయేది సైడ్ మిర్రరే. గ్రామీణ లోకల్ రోడ్ల వేగ పరిమితిని 2025 ఫిబ్రవరిలో 80 నుంచి 60కి తగ్గించారు కూడా. బంకులో ఒక్క క్షణం ఆగి చూడండి: అక్కడ సాధారణంగా ఆకుపచ్చ నాజిల్ పెట్రోలు, నల్లది డీజిల్. తప్పు ఇంధనం పోస్తే అద్దె కంపెనీ కవర్ మామూలుగా ఆదుకోదు.

ఈలోగా బ్యాంకును అడిగి కార్డు లిమిట్ పెంచించుకోండి, మీ జీతానికి ఇస్తారు. ఇవ్వకపోతే ఎఫ్‌డీలో 2 లక్షల మేర తాకట్టు పెట్టి, దాని మీద ఇంకో క్రెడిట్ కార్డు తీసుకోవచ్చు. ఎఫ్‌డీకి నేను చెప్పిన పాత్ర ఇదే. అది విరగదు, వడ్డీ వస్తూనే ఉంటుంది, వెనకాల నిలబడుతుంది.

బావమరిది కారు అడుగుదామని మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. అక్కడ ఇన్సూరెన్స్ మనిషి పేరు మీద నడుస్తుంది. పాలసీలో మీ పేరు లేకుండా ఆయన కారు మీరు నడిపితే ఇన్సూరెన్స్ లేనట్టే. పోనీ అద్దె కారుకు ఆయన కార్డు ఇమ్మందామా? వద్దండీ. గీత పడితే ఆ బిల్లు పండక్కి పండక్కి ఇంట్లో మాటకొస్తూ ఉంటుంది.

లిమరిక్ మీకు నిజంగా కలిసొచ్చే చోటు. డబ్లిన్‌లో దిగి, బస్సులో వెళ్లి, రెండు రోజులు పడుకుని లేచి, పక్కనే ఉన్న షానన్ ఎయిర్‌పోర్టులో కారు తీసుకోండి. కళ్లు మూతలు పడుతుండగా డబ్లిన్ రింగు రోడ్డు ఎక్కే బాధ, దాని టోల్ మరుసటి రోజు రాత్రి 8 లోపు ఆన్‌లైన్‌లో కట్టే పని రెండూ తప్పుతాయి. కారు అద్దె కూడా రెండు రోజులు తగ్గుతుంది.

వైల్డ్ అట్లాంటిక్ వే మొత్తం 2,500 కి.మీ. ఉత్తరాన డొనెగల్ నుంచి దక్షిణాన కిన్సేల్ దాకా. ఎనిమిది రోజుల్లో అంతా చుట్టాలనుకుంటే పెట్రోలు, అలసట తప్ప ఏమీ మిగలదు. డొనెగల్ వదిలేయమంటాను. డబ్లిన్ నుంచి అక్కడికి దగ్గరి దారి ఉత్తర ఐర్లండ్ గుండా పోతుంది, అది యునైటెడ్ కింగ్‌డమ్ (యూకే)లో భాగం. సరిహద్దులో గేటు ఉండదు, దాటినట్టే తెలియదు, కానీ మామూలు ఐర్లండ్ వీసా అక్కడ చెల్లదు. అద్దె కారును సరిహద్దు దాటిస్తే కొన్ని కంపెనీలు అదనంగా వసూలు చేస్తాయి. క్లిఫ్డెన్‌లో రెండు రాత్రులు, డూలిన్‌లో ఒకటి, డింగిల్‌లో రెండు, కెన్‌మేర్, కిన్సేల్ ఒక్కొక్కటి చాలు. డూలిన్ నుంచి డింగిల్ పోయేటప్పుడు కిలిమర్ దగ్గర ఫెర్రీ ఎక్కండి. 20 నిమిషాల్లో షానన్ నది దాటి టార్బర్ట్‌లో దిగుతారు. కారుకు సుమారు పాతిక యూరోలు పోయినా 137 కి.మీ. చుట్టు తప్పుతుంది.

ఈ తీరంలో నాకు నచ్చే సంగతి, బాగున్నవి చాలావరకు ఉచితం. స్లే హెడ్, స్కై రోడ్, బరెన్ రాతి నేల, దేనికీ టికెట్ లేదు. 214 మీటర్ల మోహర్ కొండచరియలకు టికెట్ ఉంది, ముందే ఆన్‌లైన్‌లో కొంటే తక్కువ. స్కెల్లిగ్ మైకేల్ అనే దీవి మీద దిగే పడవకు మనిషికి వంద యూరోల పైనే. సముద్రం బాగోలేకపోతే వెళ్లదు కూడా. నేను ఆ డబ్బుతో ఇంకో రాత్రి డింగిల్‌లో ఉంటాను. మీ ఇష్టం.

మీ కార్డు మార్కప్, అంటే విదేశీ కరెన్సీలో కడితే బ్యాంకు వేసే అదనపు చార్జీ, 3.5 శాతమైతే జీఎస్టీతో 4.13 శాతం. అక్కడ గీకే ప్రతి 2 లక్షలకు 8 వేల పైచిలుకు. తిండికి, పెట్రోలుకు మార్కప్ లేని కార్డో, ఫారెక్స్ కార్డో వాడండి. క్రెడిట్ కార్డును కారు బ్లాక్‌కే ఉంచండి. మెషీన్ రూపాయల్లో కట్టమంటారా, యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కండి.

వీసా వచ్చేదాకా రద్దు చేయలేని టికెట్లు కొనకండి, గదులు ఉచిత రద్దు ఉన్నవే పెట్టుకోండి. మన లైసెన్సుతో సందర్శకులు అక్కడ నడపొచ్చు, అయినా కొన్ని అద్దె కంపెనీలు అడుగుతాయి కాబట్టి ఆర్టీఏలో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోండి. అది ఏడాదే చెల్లుతుంది, ఇప్పుడే కాకుండా మార్చిలో వెళ్లండి.

అన్నట్టు, పాప ఎత్తు ఎంతో రాయలేదు. అక్కడ 150 సెం.మీ. ఎత్తుకు గానీ, 36 కిలోల బరువుకు గానీ చేరని పిల్లలు బూస్టర్ సీటులో కూర్చోవాలి. అద్దె కంపెనీ దానికి రోజువారీ తీసుకుంటుంది. ఏప్రిల్‌లో ఒకసారి కొలిచి చూడండి. కావాలంటే లిమరిక్‌లోనే ఏదైనా కొట్లో కొనిపెట్టమని మీ బావమరిదికి చెప్పండి.