వైద్య సందేహాలు: ఒకే కాలేయ జబ్బు, ఫైలులో రెండు పేర్లు

ప్రశ్న: మాది చెన్నై, వేళచ్చేరి. మా వారికి 48 ఏళ్లు. షుగరుకు మాత్రలు వాడుతున్నారు, మద్యం అలవాటు లేదు. నాలుగేళ్ల క్రితం ఆయన ఫైలులో ఎన్‌ఏఎఫ్‌ఎల్‌డీ అని రాశారు. మొన్న వేరే ఆసుపత్రిలో ఎంఏఎస్‌ఎల్‌డీ అన్నారు. జబ్బు ముదిరిందా? అసలు ఇలా పేర్లు మార్చే అధికారం ఎవరిది?
- ఒక పాఠకురాలు

జవాబు: పేరు మారినంత మాత్రాన జబ్బు ముదిరినట్టు కాదు. మనం మామూలుగా ఫ్యాటీ లివర్ అనుకునే జబ్బుకే ఇవి పాత, కొత్త పేర్లు. అమెరికా, ఐరోపా, లాటిన్ అమెరికా కాలేయ వైద్య సంఘాలు ముందుకు రాగా, 56 దేశాలకు చెందిన 236 మంది, రోగుల సంఘాల ప్రతినిధులతో సహా, విడతల వారీగా అభిప్రాయాలు తెలిపి 2023లో కొత్త పేరును ఖాయం చేశారు. దీని వెనుక చట్టమేదీ లేదు. సంఘాల మార్గదర్శకాలు, వైద్య పత్రికలు వాడుతున్న కొద్దీ ఆ పేరు చీటీల్లోకి దిగుతుంది.

పాత పేరు 'మద్యం వల్ల రానిది' అని మాత్రమే చెప్పేది, ఎందువల్ల వచ్చిందో చెప్పేది కాదు. పైగా మద్యం ముట్టని వారి మీద కూడా బంధువులకు అనుమానం కలిగించేది. కొత్త పేరుకు అర్థం 'జీవక్రియ (ఒంట్లో షుగరు, కొవ్వుల వాడకం) లోపంతో ముడిపడిన ఫ్యాటీ లివర్' అని. ఇప్పుడు కాలేయంలో కొవ్వుతో పాటు అధిక బరువు (ఆసియా వారికి బీఎంఐ 23 నుంచే) లేదా ఎక్కువ నడుము కొలత, పరగడుపు షుగరు 100 లేదా ఆపైన ఉండటం లేదా మధుమేహం, బీపీ 130/85 లేదా ఆపైన, ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఆపైన, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) తక్కువ, ఈ ఐదింటిలో ఒక్కటి ఉన్నా, వేరే కారణం లేకపోతే ఈ పేరు వర్తిస్తుంది. మీ వారికి మధుమేహం ఉంది కనుక ఆ ఒక్కటీ చాలు.

అన్నిటికన్నా పనికొచ్చే మార్పు వేరొకటని నా అభిప్రాయం. ఇటు షుగరూ అటు రోజూ కొంత తాగే అలవాటూ ఉన్నవారికి పాత వర్గీకరణలో చోటు ఉండేది కాదు. రోజుకు సగటున మగవారు 30 నుంచి 60 గ్రాములు, ఆడవారు 20 నుంచి 50 గ్రాముల ఆల్కహాలు తీసుకుంటే అలాంటివారికి ఇప్పుడు మెట్‌ఏఎల్‌డీ అనే ప్రత్యేక వర్గం ఏర్పడింది. 2020లో మరో నిపుణుల బృందం ఎంఏఎఫ్‌ఎల్‌డీ అనే పేరు ప్రతిపాదించింది. ఆసియా-పసిఫిక్ సంఘం దానినే స్వీకరించింది కనుక కొన్ని ఫైళ్లలో ఆ మూడో పేరూ కనబడవచ్చు. నియమాలు కొంత వేరు కావడం వల్ల, వేర్వేరు పేర్లతో చేసిన పరిశోధనలను పక్కపక్కన పెట్టి పోల్చడం కష్టం.

మీ వారి కాలేయం ఎంత గట్టిపడిందో ఈ పేర్లేవీ చెప్పవు. వయసు, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ (కాలేయ ఎంజైముల పరీక్షలు), ప్లేట్‌లెట్లతో లెక్కగట్టే ఫిబ్-4 అనే స్కోరు అడగండి, అది 1.3 కంటే తక్కువైతే గట్టిపడే దశ ముదిరి ఉండే అవకాశం తక్కువ, ఎక్కువైతే ఫైబ్రోస్కాన్ (కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్) అవసరమేమో వైద్యులే చెబుతారు.