వాపు తగ్గినా చీలమండ మళ్లీ మళ్లీ బెణుకుతుంటే
మూడు వారాల విశ్రాంతితో వాపు పోయినా, కంటెంపరరీ నృత్య సాధనలో గెంతి దిగగానే మీ కుడి చీలమండ మళ్లీ మడత పడుతోందంటే, పాదం ఎటు ఒరుగుతోందో గ్రహించి కండరాలను వెంటనే బిగించే నేర్పు ఇంకా తిరిగి రాకపోవడమే కారణం కావచ్చు. విశ్రాంతి నొప్పిని తగ్గిస్తుంది గానీ ఈ నేర్పును తిరిగి ఇవ్వదు. దాన్ని తిరిగి తెచ్చే మెట్లు ఇవి; చాలామంది వదిలేసేది వీటిలో మొదటిదాన్నే.

1. గోడ పక్కన, చెప్పులు లేకుండా, బెణికిన కాలిపై 30 సెకన్లు నిలబడండి. బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, మడమ మూడూ నేలకు ఆనాలి; వేళ్లతో నేలను పట్టుకోకూడదు. అది కుదిరాక కళ్లు మూసుకుని, ఆపైన మడతపెట్టిన దుప్పటిపై నిలబడండి. నొప్పి లేదని మధ్యలో మానేయకుండా, దీనిని కొన్ని వారాలు రోజూ కొనసాగించండి.

2. ఒంటికాలిపై మడమ ఎత్తి దించడం రెండు కాళ్లతోనూ సమానంగా చేయగలిగే వరకు గెంతులు వద్దు.

3. విజయవాడ పటమటలోని మీ అపార్ట్‌మెంట్ మేడపై సాధన ఆపండి. సిమెంటు నేల అదురును పీల్చుకోదు. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ప్రదర్శన దగ్గర పడినా సరే, గెంతుల స్థానంలో వేరే కదలికలు ఇమ్మని మీ గురువుగారిని అడగండి.

చీలమండ ఎముక వెనుక అంచును నొక్కినప్పుడు నొప్పి పుట్టినా, నాలుగడుగులు వేయలేకపోయినా, ఇవేవీ మొదలుపెట్టకుండా ముందు ఎముకల వైద్యుడికి చూపించి ఎక్స్‌రే తీయించుకోండి.