ఆ బతుకమ్మ బొమ్మ ఇప్పుడే పంపకు

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన పండగ పోస్టర్ బొమ్మల పోటీ ప్రకటన రెండుసార్లు చదివాను. పదివేల బహుమతి సంగతి పైనే పెద్ద అక్షరాల్లో ఉంది. నిబంధనలేమో అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నాయి. అందులో ఏడోది చూశావా? "పోటీకి అందిన చిత్రాలన్నింటిపై సర్వహక్కులూ నిర్వాహకులవే." గెలిచినవి అనలేదు, అందినవన్నీ అన్నారు. మూడొందల మంది పంపితే ఒకరికి పదివేలిచ్చి, మిగతా రెండొందల తొంభై తొమ్మిది బొమ్మలు ఊరికే తీసుకుంటారన్నమాట.

నీ బతుకమ్మ బొమ్మ చూశాను. ఆ తంగేడు పూల వరసకే నాలుగు రాత్రులు కూర్చున్నావని మీ అమ్మ చెప్పింది. దాన్ని వాళ్ల చేతిలో పెట్టేముందు నాకు జరిగింది విను.

పాతికేళ్ల కిందట ఒక కంపెనీ కేలండర్ బొమ్మల పోటీ పెడితే హరిదాసు బొమ్మ పంపాను. నెత్తిన అక్షయపాత్ర, చేతిలో చిడతలు, వెనక మంచులో ఎర్రమట్టి దారి. బహుమతి రాలేదు. నాలుగు రోజులు బాధపడి మరిచిపోయాను. ఏడాది తిరిగాక కిరాణాకొట్లో కందిపప్పు తూయించుకుంటూ తలెత్తితే, గోడమీద నా హరిదాసు! కింద నా సంతకం ఉండాల్సిన చోట నల్లపట్టీ వేసి దానిమీద కంపెనీ పేరు అచ్చేశారు. తెల్లటి పంచెకి ఎవరో కాషాయం పూశారు. ఇదేమిటని ఉత్తరం రాస్తే, నా దరఖాస్తు నకలే నాకు పంపారు. 'నిబంధనలన్నీ అంగీకరిస్తున్నాను' అన్న వాక్యం కింద ఉన్నది నా సంతకమే. చదవకుండా పెట్టాను. ఆ కేలండర్ ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది.

అప్పుడు నాకు చట్టం తెలియదు. నువ్వు తెలుసుకో. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఎవరి ఉద్యోగంలోనో ఉండి కాకుండా, ఎవరో డబ్బిచ్చి చేయిస్తే కాకుండా నీ అంతట నువ్వు గీసిన బొమ్మ, గీసిన క్షణం నుంచీ నీదే. రిజిస్టర్ చేయించకపోయినా నీదే. నీ జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. వేరొకరికి రాసివ్వాలంటే 19వ సెక్షన్ ప్రకారం కాగితం మీద సంతకం ఉండాలి. ఏ బొమ్మ, ఏయే హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి, ఎంత డబ్బు అన్నవి అందులో రాయాలి. కాలం రాయకపోతే అయిదేళ్లే, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకే. అందుకే తెలిసినవాళ్లు 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అని ముందే రాసుకుంటారు. ఆ రెండు మాటలు కనిపిస్తే ఆగిపో. ఆన్‌లైన్‌లో టిక్ పెడితే సంతకం కిందికి రాదులే అన్న ధీమా కూడా వద్దు. కోర్టుకెళ్లి తేల్చుకునే ఓపికా డబ్బూ మనలాంటి వాళ్ల దగ్గర ఉండవు.

హక్కులు ఇచ్చేసినా నీ దగ్గర మిగిలేది ఒకటుంది. బొమ్మ నాదని చెప్పుకునే హక్కు, నా పరువు పోయేలా దాన్ని పాడుచేయొద్దని అడ్డుకునే హక్కు. అది 57వ సెక్షన్. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌కి పెద్ద కంచు కుడ్యశిల్పం చేసిచ్చారు. 1979లో దాన్ని గోడనుంచి ఊడదీసి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కల్ని ఆయనకు తిరిగిచ్చేయమని, 5 లక్షల పరిహారం కూడా కట్టమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ తీర్పు గురించి చదివిన రోజు నాకు నా హరిదాసు పంచె గుర్తొచ్చింది.

హక్కులు అడిగిన ప్రతివాడూ మోసగాడని అనను. 2010లో ఉదయ్ కుమార్ గీసిన రూపాయి గుర్తు ఎంపికైంది, ఆయనకు రెండున్నర లక్షల బహుమతి ఇచ్చారు. నోటు మీద వేసే గుర్తు మీద పూర్తి హక్కు ప్రభుత్వానికే ఉండాలి, అది న్యాయమే. లోగో అయినా అంతే, గెలిచినదాని వరకు తీసుకోవచ్చు. కానీ పండగ పోస్టర్‌కి బొమ్మ కావాలంటే, ఆ ఏడాది అచ్చేసుకునే అనుమతి సరిపోతుంది కదా!

పదకొండో నిబంధన ఇంకా దారుణం. ఏ వివాదం వచ్చినా బాధ్యత చిత్రకారుడిదేనట. హక్కు వాళ్లకి, టెన్షన్ నీకు.

ముందు వాళ్లకి మర్యాదగా ఒక మెయిల్ రాయి. "బహుమతి వస్తే ఈ ఏడాది మీ పోస్టర్లలో, ప్రదర్శనలో నా పేరుతో వాడుకోవడానికి అనుమతిస్తాను. రాకపోతే నా చిత్రంపై ఏ హక్కూ మీకు రాదు. దీనికి అంగీకరిస్తున్నట్టు తెలియజేయగలరు" అని చాలు. అడిగితే చిన్నబుచ్చుకుంటారేమోనని జంకకు. సరేనని రాతలో జవాబొస్తేనే పంపు, అదీ చిన్న సైజు ఫైలే. పెద్దది గెలిచాక అడుగుతారు. నిబంధనల పేజీ తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి దాచు. పెన్సిల్ స్కెచ్‌లు, లేయర్లున్న అసలు ఫైలు పారేయకు, రేపు ఇది నాదని చూపించడానికి అవే సాక్ష్యం.

చివరి తేదీకి ఇంకా పన్నెండు రోజులుంది. మెయిల్ పంపేముందు నాకోసారి చూపించు. జవాబు రాకపోతే మాత్రం ఆ బొమ్మ నీ దగ్గరే ఉండనీ.

ఆశీస్సులతో,
పెదనాన్న