పాత రేడియో క్యాసెట్లలో గరగర తీసేయవచ్చా? నా అనుభవం

మీ పెదనాన్నగారి అట్టపెట్టెలో 40 దాకా క్యాసెట్లు దొరికాయని, వాటిలో రేడియో నాటకాలూ ఇంటివాళ్ల మాటలూ కలగలిసి ఉన్నాయని రాశారు. గరగరనీ అడ్డు మాటలనీ తీసేసి, నాటకాలు మాత్రం ఉంచుకుని నలుగురికీ పంచవచ్చా అని అడిగారు. పంచండి. కానీ దయచేసి ఏదీ తీసేయకండి. ఇది నేను పోగొట్టుకుని తెలుసుకున్న సంగతి.

మా నాన్నగారు 1980లలో తెనాలిలో ఉద్యోగం చేస్తూ ఆకాశవాణి విజయవాడ కేంద్రం నాటకాలు రికార్డు చేసేవారు. రేడియోకూ టేప్‌రికార్డరుకూ తీగ కలిపే వీలు మా ఇంట్లో లేదు. రెండింటినీ బల్ల మీద ఎదురెదురుగా పెట్టి, ఎవరూ మాట్లాడవద్దని మా అందరినీ హెచ్చరించి మీట నొక్కేవారు. అయినా ఆ టేపుల్లో అమ్మ పిలుపు ఉంది, వీధిలో సైకిలు గంట ఉంది, నాన్నగారు ఆపుకోలేక దగ్గిన దగ్గు ఉంది.

ఆయన పోయాక మొదట ఏడు క్యాసెట్లను ఒక స్టూడియోకు ఇచ్చాను. వాళ్లు గరగర అంతా వడపోసి, నాటకానికి ముందూ వెనకా ఉన్నది కత్తిరించి ఎంపీ3 ఫైళ్లు చేతిలో పెట్టారు. క్యాసెట్లకు బూజు పట్టింది, పారేయమంటారా అని అడిగితే సరేనన్నాను. ఇంటికి వచ్చి వింటే గొంతులు నీళ్లలోంచి వస్తున్నట్టున్నాయి. నటీనటుల పేర్లు చదివే ప్రకటన లేదు, నాన్నగారి దగ్గూ లేదు. ఆ ఏడింటికి ఇప్పుడు మూలమే లేదు.

మిగిలినవి నేనే ఇంట్లో కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాను. వాటిలో 1986 నాటి ఒక గంట నాటకం ఉంది. నాన్నగారు ఎప్పుడూ 60 నిమిషాల క్యాసెట్లే కొనేవారు. 90 నిమిషాల వాటిలో టేపు పలచగా ఉంటుంది, త్వరగా చిక్కుపడుతుంది. అందువల్ల అరగంట కాగానే క్యాసెట్ తిప్పి పెట్టాలి. ఆ కాస్త వ్యవధిలో కథ మలుపు తిరిగే సంభాషణ పోయింది. చివర పేర్లు చదివేలోపు టేపు కూడా అయిపోయింది. ఈ లోపాలన్నీ వివరంగా రాసి రికార్డింగును నలుగురిలో పెట్టాను. కొన్ని నెలలకు ఏలూరు నుంచి ఒక పెద్దాయన రాశారు, ఆ నాటకం తన దగ్గరా ఉందని. ఆయనది 90 నిమిషాల క్యాసెట్. తిప్పింది 45వ నిమిషంలో. అంటే నా దగ్గర పోయిన ముక్క ఆయన దగ్గర ఉంది, ఆయన దగ్గర పోయింది నా దగ్గర ఉంది. చివరి పేర్లూ ఆయన టేపులో ఉన్నాయి.

అయితే రెండూ ఒకే రోజు ప్రసారమా, లేక ఒకటి పునఃప్రసారమా? దాన్ని తేల్చింది గరగరే. 17వ నిమిషంలో కోడలి పాత్ర ‘అత్తయ్యా’ అనగానే రెండు టేపుల్లోనూ మూడు చిటపటలు వస్తాయి, రెండోది కాస్త పొడుగు. విజయవాడ ప్రసారం 837 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ మీద వచ్చేది. ఎక్కడో మెరుపు మెరిస్తే ఆ తరంగం చుట్టుపక్కల ఊళ్ల రేడియోలన్నిటిలో ఒకేసారి చిటపటమంటుంది. ఆయన తీగతో రికార్డు చేశారు కాబట్టి ఆయన టేపులో అంతవరకే. మాది మైకుతో చేసినది కదా, చిటపట తర్వాత నాలుగైదు సెకన్లకు తెనాలి ఆకాశంలో ఉరిమిన ఉరుము కూడా వినిపిస్తుంది. ఎన్నిసార్లు విన్నానో ఆ ఉరుమును! ఇది కూడా స్టూడియోకు వెళ్లి ఉంటే మొదట పోయేది అదే.

విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. నండూరి సుబ్బారావు గారి నాటకాలు, ఉషశ్రీ గారి పురాణ ప్రవచనాలు విని పెరిగిన వాళ్లు లక్షల్లో ఉన్నారు. కానీ అప్పట్లో టేపు ఖరీదైన వస్తువు. పాతది చెరిపి కొత్తది ఎక్కించడం ప్రపంచంలో ఎన్నో రేడియో కేంద్రాల్లో మామూలే. అందుకే మీ అట్టపెట్టెలో ఉన్నది ఇంకెక్కడా మిగలని ప్రతి కావచ్చు.

ఇక పని సంగతి. ముందుగా ప్రతి క్యాసెట్ వెనుక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరిచేయండి, పొరపాటున కూడా దానిపై మళ్లీ రికార్డు కాదు. టేపు నడిచే చోట సన్నని రేకు మీద చిన్న మెత్త ఉంటుంది, జిగురు ఎండి అది రాలిపోయి ఉంటే గొంతు మసకబారుతుంది. అప్పుడు టేపును మరో మంచి క్యాసెట్ డబ్బాలోకి మార్చాలి. తెల్లటి బూజు కనబడితే ప్లేయరులో పెట్టకండి, అది మిగతా క్యాసెట్లకూ అంటుకుంటుంది. టేపుకు ఆనుకుని శబ్దాన్ని చదివే ప్లేయరు హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవండి. హెడ్డు పక్కన దాని వాలును సరిచేసే ఒక చిన్న మర (స్క్రూ) ఉంటుంది. టేపు నడుస్తుండగా దాన్ని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ స, ష అక్షరాలను శ్రద్ధగా వినండి. ఒకచోట అవి ఒక్కసారిగా తేటపడతాయి. అక్కడ ఆపండి. నాకు తెలిసి ఏ సాఫ్ట్‌వేరూ ఇంత మేలు చేయదు.

కంప్యూటర్‌లోకి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ (WAV) ఫైలుగా ఎక్కించండి. గంటకు సుమారు ఒక జీబీ అవుతుంది. మీ 40 క్యాసెట్లూ కలిపినా వెయ్యి జీబీల హార్డ్‌డిస్కులో పదో వంతు నిండదు. మొదటి మీట చప్పుడు నుంచి చివరి చప్పుడు దాకా అంతా ఉంచండి. శుభ్రం చేయాలనుకుంటే వేరే ప్రతి మీద చేసుకోండి. మూల ఫైలు ఒక ప్రతి మీ ఇంట్లో, ఒకటి మరో ఊళ్లో బంధువుల ఇంట్లో ఉండాలి.

పంచే ముందు హక్కుల సంగతి చూసుకోండి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం ప్రసారం మీద రేడియో సంస్థకు ఉండే హక్కు మరుసటి ఏడాది మొదటి నుంచి 25 ఏళ్లు. రచయిత హక్కు మాత్రం మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. కాబట్టి రచయిత కుటుంబం జాడ తెలిస్తే ఒక ఉత్తరం రాయండి. నేను రాసిన చోటల్లా సంతోషంగా ఒప్పుకున్నారు, ఒక ఇంట్లో తండ్రి మాటలు మళ్లీ విని ఏడ్చారు. సినిమా పాటలున్న భాగాలు బయట పెట్టకండి. ఇంటివాళ్ల మాటలైతే, ఆ గొంతు ఎవరిదో వాళ్లను గాని, వాళ్ల పిల్లలను గాని అడగకుండా పంచకండి. నేను ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ భాండాగారంలో పెడుతున్నాను. తేదీ, కేంద్రం, ఏ ఊళ్లో ఎలా రికార్డు చేశారు, ఎక్కడ ఎంత ముక్క పోయింది అన్నీ తెలుగులోనే రాస్తాను. ఏలూరు పెద్దాయన నన్ను కనుక్కున్నది ఆ వివరాల వల్లనే.

మీ పెద్దమ్మగారు మీతోనే ఉంటున్నారని రాశారు. మొదటి క్యాసెట్ ఆమె పక్కన కూర్చునే వినండి, ఆమె చెప్పేదంతా ఫోనులో రికార్డు చేయండి. మా టేపుల్లో ఒకదాని చివర ఎవరో ఆవిడ మంగళహారతి పాడుతుంది. వెనక గాజుల చప్పుడు, పిల్లల నవ్వులు వినిపిస్తాయి. ఆ గొంతు ఎవరిదో చెప్పగలిగిన మా మేనత్త, నేను ఆ క్యాసెట్ దాకా వచ్చేలోపే పోయింది.