మధ్యాహ్నం కునుకు పెద్దవాళ్లకు మంచిదేనా?

మంచిదే, కానీ ఎంతసేపు అన్నదే అసలు విషయం. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పోగవుతుంటుంది. దానివల్లే మత్తు. పైగా మధ్యాహ్నం 1 నుంచి 3 గంటల మధ్య శరీర గడియారం కూడా కాస్త మందగిస్తుంది. అన్నం తినకపోయినా ఆ మగత వస్తుంది. పాపం, నింద మాత్రం పప్పన్నం మీద పడుతుంది (కడుపు నిండా తింటే ఎక్కువవుతుందనుకోండి).

1994లో వెలువడిన నాసా అధ్యయనంలో దూరప్రయాణ విమానాల పైలట్లకు వంతులవారీగా 40 నిమిషాల విరామం ఇచ్చారు. వాళ్లు సగటున నిద్రపోయింది 26 నిమిషాలే. అయినా కునుకు తీయనివాళ్ల కంటే చురుగ్గా ఉన్నారు.

15-20 నిమిషాలకు అలారం పెట్టుకోండి. అంతకు బాగా మించితే గాఢనిద్రలోకి జారుకుంటారు, లేచాక తల దిమ్ముగా ఉంటుంది, పొద్దునో సాయంత్రమో అర్థం కాదు. మా నాన్న పడక్కుర్చీలో పేపరు మొహం మీద కప్పుకుని పడుకుంటారు. అది జారి కిందపడగానే లేచి కాఫీ అడుగుతారు. సరిగ్గా అంత చాలు.

రాత్రిళ్లు నిద్ర పట్టనివాళ్లు మాత్రం పగటి కునుకు మానేయడమే మేలు. రోజూ గంటలకొద్దీ నిద్ర ముంచుకొస్తూ, గురక కూడా ఉంటే డాక్టరుకు చూపించుకోండి. స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోయే సమస్య) కావచ్చు.