తాళంచెవి నీ దగ్గర ఉందా?

విజయవాడ,
సత్యనారాయణపురం.

చి.ల.సౌ. అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

మొన్న గుంటూరు బ్రాడీపేటలో మీ ఇంటికి వచ్చినప్పుడు ఫోన్‌లో నీ పచ్చళ్ల వెబ్‌సైట్ చూపించావు. చాలా బాగుందన్నాను. పక్కన మీ అత్తగారు ఉన్నారు కాబట్టి అలా అన్నాను. ఉన్నమాట ఇప్పుడు రాస్తున్నాను, కోప్పడకు.

ముందు ఆ డొమైన్ సంగతి, అదే నీ సైట్ అడ్రసు పేరు సంగతి తేల్చు. సైట్ చేసిపెట్టిన కుర్రాడి ఈమెయిల్ మీదే అది రిజిస్టరై ఉందన్నావు. కుర్రాడు మంచివాడే కావచ్చు. నా సైట్ చేసిన అతనూ మంచివాడే. ఉద్యోగమొచ్చి వేరే దేశం వెళ్లాడు, పాత మెయిల్ చూడటం మానేశాడు. రెన్యువల్ కట్టమని వచ్చిన నోటీసులన్నీ అందులోనే పడున్నాయి. నాకు తెలిసేసరికి ఆ పేరు ఇంకెవరో కొనేసుకున్నారు. రాసినవన్నీ హోస్టింగ్‌లో, అంటే నెట్‌లో అద్దెకు తీసుకున్న చోట, భద్రంగానే ఉన్నాయి, అడ్రసే లేదు. కాబట్టి డొమైన్, హోస్టింగ్, సైట్ నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ అడ్మిన్ ఖాతా, మూడూ నీ ఈమెయిల్ మీదకి మార్పించుకో. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకు, రెండో ఏడు ఎంత కట్టాలో కూడా అడుగు. వర్డ్‌ప్రెస్ 2003 నుంచీ ఉచితమే. డబ్బులు అయ్యేది చోటుకీ పేరుకీ.

ఇక రాత. నేను గవర్నర్‌పేటలో డీటీపీ చేసే రోజుల్లో మీ నాయనమ్మ పచ్చళ్ల కొలతలన్నీ అనూ ఫాంట్‌లో టైప్ చేసిచ్చాను. బావగారి దగ్గర ఆ ఫైళ్లు ఉండాలి. వాటిని కాపీ చేసి సైట్‌లో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాల చెత్త కనిపిస్తుంది. ఎందుకంటే ఆ ఫైల్లో నిజంగా ఉన్నది అదే, పైన తెలుగు వేషం వేసింది ఫాంటు. పెళ్లిపత్రికకు ఆ వేషం చాలు, సైట్‌కు చాలదు. వాటిని యూనికోడ్‌లోకి, అంటే ఫాంటు మారినా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతిలోకి మార్చాలి. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ వత్తుల దగ్గర తడబడతాయి, ఒకసారి కూర్చుని చదవాల్సిందే. పనెక్కువని పేజీలను ఫొటో తీసి పెట్టేయకు. అప్పుడు గోంగూర అని వెతికినవాళ్లకు నీ గోంగూర దొరకడం కష్టం.

లింకుల సంగతి, అంటే ఒక్కో పేజీకి ఉండే అడ్రసు సంగతి చాలామందికి తెలియదు. తెలుగులో శీర్షిక పెడితే వర్డ్‌ప్రెస్ దాన్నే లింకుగా చేస్తుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ లోపల ఒక్కో తెలుగు అక్షరం తొమ్మిది గుర్తులవుతుంది. గుడికో లెక్క, కొమ్ముకో లెక్క, సున్నకో లెక్క. లింకు పేరుకు వర్డ్‌ప్రెస్ ఇచ్చిన చోటేమో 200 గుర్తులే. నువ్వు పెట్టిన ‘నాయనమ్మ చేతి పండుమిరపకాయ పచ్చడి’ని కాగితం మీద లెక్కేశాను. పండుమిరపకాయ దగ్గరికే సరిగ్గా 200 అయిపోయాయి, పచ్చడి బయటే ఉండిపోయింది! పైగా ఆ లింకును ఎవరికైనా పంపితే శాతం గుర్తులతో గజం పొడుగున పడుతుంది. శీర్షిక తెలుగులోనే ఉంచు. లింకు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ‘పండుమిరప పచ్చడి’ అని పొట్టిగా రాయి. అదీ పబ్లిష్ నొక్కకముందే.

మొదటి పేజీలో వాటంతటవే జరిగే ఆ మూడు బొమ్మలు తీసెయ్యమ్మా. వాటిని దాటి నీ రాత దగ్గరికి వచ్చేసరికి నా వేలు నొప్పెట్టింది. ఫోన్‌తో తీసిన ఫొటోను ఉన్నదున్నట్టు ఎక్కించకు, 1200 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించు. జాడీ ఫొటో అయినా కింద ఒక వాక్యం రాయి. నీ సైట్‌లో ప్లగిన్లు, అంటే అదనపు పనుల కోసం తగిలించినవి, 19 లెక్కపెట్టాను. మంచు కురిపించేది ఎందుకు చెప్పు, గుంటూరులో? అక్కర్లేనివాటిని ఆపేస్తే చాలదు, పూర్తిగా తీసెయ్యి. సైట్‌కు రూపమిచ్చే థీమ్‌ల్లో డబ్బులు పెట్టి కొనాల్సినదాన్ని ఎవరైనా ఊరికే ఇస్తామంటే అస్సలు తీసుకోకు, అందులో ఏం దూర్చి ఇస్తారో మనకు తెలియదు.

బ్యాకప్ హోస్టింగ్‌లోనే పెట్టుకుంటే ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకున్నట్టు. ఒక కాపీ నీ ల్యాప్‌టాప్‌లో ఉండాలి. వర్డ్‌ప్రెస్‌లో టూల్స్ కింద ఎక్స్‌పోర్ట్ నొక్కితే వచ్చే ఫైల్లో రాతలుంటాయి, ఫొటోలుండవు. వాటిని విడిగా దాచుకో. అప్‌డేట్ ఎప్పుడు చేసినా ముందు బ్యాకప్ తీసుకుంటే టెన్షన్ ఉండదు.

ఆదివారం బస్సెక్కి వస్తాను. అనూ ఫైళ్లున్న పెన్‌డ్రైవ్ బావగారినడిగి తెచ్చి ఉంచు, వత్తులు నేను చూస్తాను. ఉప్పు కొలత దగ్గర మాత్రం మీ అమ్మను కూర్చోబెట్టుకో. అప్పట్లో టైప్ చేసేటప్పుడే నాకక్కడ అనుమానం వచ్చింది.

మామయ్య