నాలీవుడ్‌ని నెట్‌కెక్కించిన జంట

ప్రశ్న: నాలీవుడ్, అంటే నైజీరియా సినిమాలను ఆన్‌లైన్‌కి తెచ్చిందెవరు? డేటా ఖరీదైన చోట అదెలా నడిచింది?

జవాబు: జేసన్ ఎన్‌జోకు. లండన్‌లో పుట్టి, మాంచెస్టర్‌లో కెమిస్ట్రీ చదివిన ఈయన నైజీరియా నగరం లాగోస్‌లోని అలాబా మార్కెట్‌లో సీడీల వ్యాపారుల దగ్గర సినిమాల ఆన్‌లైన్ హక్కులు కొని, మొదట యూట్యూబ్‌లో పెట్టారు. తర్వాత సొంతంగా ఐరోకోటీవీ అనే ఆన్‌లైన్ సినిమాల సైట్ పెట్టారు. 2012లో అమెరికా పెట్టుబడి సంస్థ టైగర్ గ్లోబల్ అందులో 80 లక్షల డాలర్లు పెట్టింది.

డబ్బొచ్చినా డేటా చిక్కు తీరలేదు. స్ట్రీమింగ్‌కి బ్యాలెన్స్ ఇట్టే కరిగిపోతుంది మరి! అందుకే సినిమాని ఫోన్‌లోకి దించుకుని చూసే యాప్ తెచ్చారు. లాగోస్‌లో కియోస్కులూ పెట్టారు. అక్కడికెళ్తే సొంత డేటా ఖర్చవకుండానే సినిమా ఫోన్‌లోకి ఎక్కేది. అయినా ఆదాయంలో విదేశాల్లోని నైజీరియన్లే దిక్కయ్యారు.

అసలు సినిమా మనిషి ఆయన భార్య, నటి మేరీ. ఆమె 2013లో పెట్టిన రాక్ స్టూడియోస్‌ని 2019లో ఫ్రాన్స్‌కి చెందిన టీవీ సంస్థ కెనాల్ ప్లస్ కొనేసింది.